ఎనకాల వత్తన్నారు

పోయిన చలికాలంలో పాడేరులో మా ఇంటికి అస్సాం నుంచి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పక్కన భార్య. తేయాకు తోటలోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పని మానుకున్నవాడు. వాళ్ళ నాన్న ఈ కొండల నుంచి వెళ్ళినవాడట. ఆయన చెప్పిన ఊరి పేరొకటి పట్టుకుని రైళ్ళూ బస్సులూ జీపులూ మారి తిరిగాడు. "ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎరిగిన ముసలి టీచరమ్మ ఒకామె ఉంది" అని ఎవరో చెబితే నా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన తెలుగు వినడానికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. సగం నాకు అర్థంకాని భాష, దాని మధ్యమధ్య మా నానమ్మ నోట తప్ప మళ్ళీ ఎక్కడా వినని మాటలు. ఆయన చెప్పిన పేరుగల ఊరు నాకు తెలిసినంతలో ఎక్కడా లేదు. రెండు నోళ్ళు మారేసరికి ఆ పేరు అరిగిపోయి ఉంటుంది, లేకపోతే ఊరే లేకుండా పోయి ఉంటుంది. ఆ మాటే చెప్పాను. ఆయన భార్య వైపు చూశాడు. తర్వాత, "పోనీలెండమ్మా. మా అయ్య సెప్పినలాటి ఇల్లు ఒకటి సూపించండి. ఎర్రగోడలు, గడ్డి కప్పు. ఎవులిదైనా పర్లేదు. సూసి ఎల్లిపోతాం" అన్నాడు.

అదీ చూపించలేకపోయాను. మా వీధిలో ఇప్పుడు అన్నీ శ్లాబులే. లోపలి ఊళ్ళలో అలాంటివి ఇంకా ఉన్నాయి గానీ ఆ పూట జీపు దొరకదు, మర్నాడు వాళ్ళకి రైలు. టీ తాగి, ఇద్దరూ నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆ గ్లాసులు తీసి కడగడానికి కూడా నాకు లేవబుద్ధి కాలేదు. ఈ పుస్తకంలో బడి గురించి రాశాను, నా దగ్గర చదువుకున్న పిల్లల గురించి రాశాను, జీపులు రాని రోజుల్లో నడిచిన దారుల గురించి రాశాను. నేను పుట్టిన ఇంటి గురించి మాత్రం రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

మా ఊరు అరకు నుంచి అనంతగిరి వెళ్ళే దారికి దిగువన, గెడ్డ ఒడ్డున ఉండేది. పదిహేడు గడపలు. మాది చివరి ఇల్లు. రెండు గదులు. ముందు గదిలో మనుషులు, వానాకాలమైతే మేకలు కూడా. లోపలి గదిలో పొయ్యి, సామల గాదె, ఒక మూల పసుపు కొమ్ముల బుట్టలు. అటక కింద మొక్కజొన్న కంకులు వేలాడుతూ పొగకి నల్లబడేవి. ఆ ఇంటి వాసన ఇన్నేళ్ళ తర్వాత కూడా విడివిడిగా చెప్పగలను. పొగ, ఉడికించిన పసుపు, మేక, తడిసిన ఎర్రమట్టి, నానమ్మ చుట్ట. మా వైపు ముసలమ్మలందరిలాగే ఆమె నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. అందుకే తక్కువ మాట్లాడేదేమో. లేవగానే గోడ మీద అరచెయ్యి వేసి చూసేది, ఎక్కడ చెమ్మ పట్టిందో, ఎక్కడ పెచ్చు లేచిందో. ఆ తర్వాతే మొహం కడుక్కునేది. సంత ముందురోజు ఎర్రమట్టి తవ్వి తెచ్చి, నానబెట్టి, పేడ కలిపి గోడలూ నేలా అలికేది. గోడ అడుగున జానెడు ఎత్తున గడ్డి బూడిదతో నల్ల పట్టీ దిద్దేది. ఆ ఇంటికే కోడలిగా వచ్చింది. అక్కడే నలుగురిని కని, ముగ్గురిని మట్టిలో పెట్టింది. మా అయ్య ఒక్కడే మిగిలాడు. ఇల్లు బాగుందని గానీ బాగాలేదని గానీ ఆమె అనగా నేనెప్పుడూ వినలేదు. మన చెయ్యి బాగుందా లేదా అని మనం అనుకోం కదా, ఆమెకి ఆ ఇల్లు అలాంటిది.

అయ్య అలా కాదు. పసుపూ కరక్కాయలూ కావిడి వేసుకుని కొండ దిగి శృంగవరపుకోట సంతకి వెళ్ళేవాడు. సరుకు కొనే షావుకారు ఇంటి అరుగు మీద పడుకునేవాడు. ఒకసారి అక్కడ ఉండగా పెద్ద వాన పట్టుకుందట. పెంకుల మీంచి నీళ్ళు తాళ్ళలాగా దిగుతున్నాయట, అరుగు మీద ఒక్క చుక్క లేదట. తెల్లవార్లూ కూర్చుని చూశాడట. ఆ వాన తర్వాత మా ఇల్లు ఆయన కళ్ళకి ఆనలేదు. వంగి లోపలికి రావలసి వచ్చినప్పుడల్లా గుమ్మాన్ని తిట్టేవాడు. పొగని తిట్టేవాడు. కప్పు కారినప్పుడు, "మనుసులుండే కొంపేనా ఇది" అనేవాడు. అమ్మ నవ్వేది. "కారితే గిన్నె పెడతాం. నిండితే పారబోత్తాం. దానికింత బెంగేటి" అనేది. అమ్మ పొడుగు మనిషి, ఆ గుమ్మంలోంచి అయ్యకంటే ఎక్కువ వంగి రావలసింది ఆమే, అయినా ఎన్నడూ తల కొట్టుకోలేదు. నాకంటే అయిదేళ్ళు పెద్దవాడైన మా అన్న సోమన్నది అమ్మ పోలిక. ఏదున్నా తినేవాడు, ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకునేవాడు. నేనొక్కదాన్ని అయ్య పక్షం. షావుకారు ఇంటి గురించి అడిగి అడిగి చెప్పించుకునేదాన్ని. నానమ్మ కొత్తగా అలికిన గోడమీద బొగ్గుతో పెంకుటిల్లు బొమ్మ గీశాను ఒకసారి. నానమ్మ కొట్టలేదు. నా చేతికి అలుకు గుడ్డ ఇచ్చి, "నువ్వే మాపీ" అంది.

అప్పుడు సర్దారు వచ్చాడు. సర్దారు అంటే పరాయివాడు కాదు, ఎగువ ఊరి మనిషే, అయ్యకి వరసకి తమ్ముడు. కొన్నేళ్ళ కిందట తేయాకు తోటలకి పోయాడు. తమ ఊరి మనుషుల్ని పోగుచేసి తెమ్మని తోటవాళ్ళు అలాంటివాళ్ళని వెనక్కి పంపేవారు. కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఎండా వానా లేకపోయినా గొడుగు పట్టుకుని వచ్చాడు. మా ఇంట్లోనే అంబలి తాగాడు. తాగుతూ తలెత్తి కప్పు చూశాడు.

"ఏటన్నా, ఇంకా ఈ గడ్డి కిందే ఉన్నావా? ఆడ కూలోడిక్కూడా గట్టి కప్పు ఇల్లిత్తారు. తోటే కట్టించి ఇత్తాది. ఎంత వానొచ్చినా సుక్క దిగదు."

"పెంకులేనా?" అన్నాడు అయ్య.

"పెంకులకన్నా గట్టివి."

నానమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఆ ఇల్లు ఎవులిది?" అని అడిగింది.

"తోటదే పెద్దమ్మా. ఉన్నన్నాళ్ళు మనదే."

"ఉన్నన్నాళ్ళు" అని ఆ మాటే తిరిగి అని, నానమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ విషయం మీద ఆమె నోరు విప్పలేదు. కొడుకు మనసు అప్పటికే కొండ దిగిపోయిందని ఆమెకి తెలిసినట్టుంది.

అమ్మకి వెళ్ళాలని లేదు. అయ్యతో దెబ్బలాడలేదు గానీ ఒప్పుకోనూ లేదు. సర్దారు మళ్ళీ వచ్చే రోజు పొద్దున్న ఇద్దరం గెడ్డ దగ్గర కుండలు తోముతున్నాం. ఆమె నావైపు చూడకుండానే, "నీకెల్లాలనుందేటే సుక్రీ?" అని అడిగింది. నాకు తొమ్మిదేళ్ళుంటాయి. "ఉందమ్మా. మనకి మంచి ఇల్లుంటాది గదా" అన్నాను. ఆమె కుండ బోర్లించి నీళ్ళు వొంపేసింది. "సరే అయితే" అంది. ఆ మధ్యాహ్నం సర్దారు తెచ్చిన కాగితం మీద అయ్యా అమ్మా అన్నా ముగ్గురూ వేలిముద్రలు వేశారు. ఆ తర్వాత నా జీవితంలో ఎన్నో ప్రశ్నలకి జవాబులు చెప్పాను, చెప్పించాను. అంత ఖరీదైన జవాబు ఇంకొకటి చెప్పలేదు.

బయల్దేరే ముందురోజు నాకు జ్వరం వచ్చింది. మా కొండల్లో జ్వరం చుట్టం లాంటిది, వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది, కొందరిని వెంట తీసుకుపోతుంది. సర్దారు నా నుదురు తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "జొరంతో ఉన్న గుంటని దారిలో డాకటరు ఆపీత్తాడు. దీంతోపాటు మిమ్మల్నీ ఆపీత్తాడు. మళ్ళీ ఏడు నానే వత్తాను గదా, అప్పుడు ఎట్టుకెల్తాను" అన్నాడు. అమ్మ తను ఉండిపోతానంది. వేలిముద్ర పడిపోయాక ఎలా కుదురుతుందన్నాడు. అయ్య అటు చూడలేదు, ఇటు చూడలేదు, మూట కడుతూనే ఉన్నాడు. మర్నాడు బయల్దేరేముందు అమ్మ నా పక్కన కూర్చుంది. గొప్ప మాటలేవీ చెప్పలేదు. "జొరం తగ్గీదాకా తలకి నీళ్ళోసుకోకు" అంది. లేచి, ఆ గుమ్మంలోంచి వంగి బయటికి వెళ్ళింది. అన్న వెనక్కి తిరిగి నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. నేను ఏడ్చాను. వాళ్ళు వెళ్ళిపోయినందుకు కాదు. నన్ను మంచి ఇంటికి తీసుకెళ్ళనందుకు.

మరుసటి ఏడు సర్దారు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ఆ రోజుల్లో అంత దూరం నుంచి కబురంటే మనిషి తేవలసిందే, ఉత్తరం వచ్చినా చదివేవాళ్ళు మా ఊళ్ళో లేరు. మా ఊరికి దిగే బాట మలుపులో ఒక పెద్ద బండ ఉండేది. నేను రోజూ వెళ్ళి దానిమీద కూర్చునేదాన్ని. ఇల్లంటే నాకు మంట. నానమ్మ అలకమంటే కావాలని మూలలు వదిలేసేదాన్ని. ఆమె ఏమీ అనకుండా నా వెనకాలే వచ్చి ఆ మూలలు అలికేది. ఆడవాళ్ళం కప్పు ఎక్కకూడదు మాలో. అయినవాళ్ళని బతిమాలి ఒక ఏడు గడ్డి వేయించుకున్నాం. రెండో ఏడు ఊరంతా జ్వరాలు, కప్పెక్కే ఓపిక ఎవరికీ లేదు. ఆ వానలకి నీళ్ళు లోపలికి దిగి వెనక గోడ నాని, ఒక పొద్దున్న మేము అంబలి కాచుకుంటుండగా బయటికి పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఒక ముసలి గేదె కూలబడినట్టు పడింది. లోపలి గదిలోంచి ఒక్కసారిగా కొండ కనబడింది. నానమ్మ పొయ్యిలో నిప్పు తడవకుండా ముందు కుండ బోర్లించింది, తర్వాత గోడ వైపు చూసింది.

ఆ వానాకాలం మిగిలిన రోజులన్నీ అడ్డాకుల తడికలు అడ్డం కట్టుకుని ముందు గదిలో మేకలతోపాటు పడుకున్నాం. గాలి ఎటు తిరిగితే అటు జరిగేవాళ్ళం. మా ఇంట్లో ఉన్న రెండు మేకపిల్లలు చలికి చచ్చిపోయాయి. నేనూ పోతాననుకుందట నానమ్మ. వానలు వెనకబడి, కొండ వాలంతా వలిసె పూలు పచ్చగా విరిసేసరికి, "రాయే, మట్టి తొక్కుదాం" అంది. ఇద్దరమే. ఆమె తవ్వేది, నేను నీళ్ళు మోసి, గడ్డి ముక్కలు కలిపి కాళ్ళతో తొక్కేదాన్ని. చలికి కాళ్ళు కొయ్యబారేవి. మూరెడు ఎత్తు ఒక వరస పెట్టి, అది ఆరాక దానిమీద ఇంకో వరస. వంకరగా వస్తే నానమ్మ కర్రతో తట్టి సరిచేసేది. నెల దాటింది. ఆఖరి వరసకి నాకు చెయ్యి అందకపోతే నన్ను భుజాల మీదికి ఎక్కించుకుంది. ఆమె ఎముకలు నా తొడలకి గుచ్చుకోవడం ఇప్పటికీ తెలుస్తుంది.

గోడ ఆరిన తర్వాత ఒక రోజు, బాగా మంచు పట్టి గెడ్డ అవతలి ఒడ్డు కనబడని రోజు, నేను ఆ గోడకి వీపు ఆనించి కూర్చుని చోడి అంబలి తాగాను. పొయ్యి వేడి గోడ పట్టుకుని ఉంది. నానమ్మ పక్కన కూర్చుని అడ్డాకులు కుడుతోంది. అంబలి అయిపోయాక కూడా లేవాలనిపించలేదు. ఆకులు అందిస్తూ, కునుకు తీస్తూ, మళ్ళీ ఆకులు అందిస్తూ పొద్దు గడిపేశాను. సాయంత్రం గుర్తొచ్చింది, ఆ రోజు నేను బండ దగ్గరికి వెళ్ళలేదు. అంతకంటే, వెళ్ళాలని కూడా తోచలేదు. ఏదో దొంగతనం చేసి దొరికినట్టయింది. "ఇయాల సూడ్డం మర్సిపోనాను నానమ్మా" అన్నాను. "మర్సిపోతే మంచిదేలే. ఒచ్చినోలకి ఇల్లుండాల గదా, అది సూడు" అంది.

మూడో ఏడు భాద్రపదంలో అయ్య వచ్చాడు. వాకిట్లో తడిసిన కట్టెలు ఆరబెడుతున్నాను, ఎవరో బిచ్చగాడనుకున్నాను. ఒళ్ళు నల్లబడి, పొట్ట ముందుకి వచ్చి, కాళ్ళూ చేతులూ పుల్లలైపోయాయి. చంకలో ఒక చిన్న మూట. "సుక్రీ" అన్నాక పోల్చుకున్నాను. ముందు ఆయన వెనక ఎవరున్నారా అని చూశాను.

"అమ్మేదీ?"

"ఎనకాల వత్తన్నారు."

"అన్నా?"

"ఆడూ వత్తన్నాడు. అమ్మ మెల్లిగా నడుత్తంది, దాన్ని నడిపించుకుని వత్తన్నాడు."

నానమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొడుకుని కింద నుంచి మీదికి చూసింది. "కాళ్ళు కడుక్కో" అంది. ఇంకేమీ అడగలేదు. ఆయన కాళ్ళు కడుక్కుని, గుమ్మంలోంచి వంగి లోపలికి వచ్చి, లోపలి గదిలోకి వెళ్ళి ఆగిపోయాడు. "ఈ గోడ ఎవులెట్టినారు?" అన్నాడు. "నానూ నానమ్మా" అన్నాను. ఆయన గోడ మీద అరచెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే నానమ్మ వండిన సామలన్నం చల్లారిపోయింది.

ఆ తర్వాతి ఎనిమిది రోజులంత సంతోషపడిన రోజులు నా జీవితంలో లేవు. నిజం అదే. అమ్మ వచ్చేసరికి ఇల్లు మెరవాలని మూలమూలా అలికాను. నల్ల పట్టీ నేనే దిద్దాను. అమ్మకీ అన్నకీ కలిపి ఎసరు పెట్టమని నానమ్మతో పేచీ పెట్టుకునేదాన్ని. ఆమె పెట్టేది. మిగిలిన అన్నం మర్నాడు పొద్దున్న నీళ్ళన్నం చేసి ముగ్గురం తినేవాళ్ళం. అయ్య వాన తెరిపిచ్చినప్పుడల్లా కప్పెక్కి కుళ్ళిన గడ్డి తీసి, దొరికినంత కొత్త గడ్డి కుక్కేవాడు. కూర్చునేవాడు కాదు. నేను కింద నిలబడి, "ఈ పాటికి ఎంత దూరంలో ఉంటారయ్యా?" అని అడిగేదాన్ని. "కోట దాటుంటారు" అన్నాడు మొదటి రోజు. రెండు రోజులకి, "ఘాటీ ఎక్కుతుంటారు" అన్నాడు. ఆ పైన, "అనంతగిరి కాడ ఆగుంటారు, వాన గదా" అన్నాడు. రోజూ వాళ్ళని కొంచెం కొంచెం దగ్గరికి తీసుకొచ్చాడు. ఎనిమిదో రోజు, "ఆ మలుపు కాడికి ఒచ్చుంటారు" అన్నాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి చీకటి పడేదాకా బండ మీద కూర్చుని వచ్చాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా కప్పు మీదే ఉన్నాడు, పని ఏమీ చెయ్యకుండా.

మర్నాడు కొత్తల పండగ. కొత్త సామలూ కొర్రలూ ఇంటికి వచ్చాక ముందు ఊరి దేవతకి పెట్టి, ఆ తర్వాత ఇంటి పెద్దలకి పెట్టి, అప్పుడు గానీ మేం నోట్లో వేసుకోం. పెద్దలంటే చచ్చిపోయినవాళ్ళు. లోపలి గదిలో నడిమి రాట మొదట్లో వాళ్ళ దొప్పలు పెడతాం, ఒక్కొక్కరికి ఒక్కొక్క దొప్ప, పేరు చెప్పి. బతికున్నవాళ్ళ దొప్పలు పొయ్యి దగ్గర వరసగా ఉంటాయి. నానమ్మ స్నానం చేసి, తడి బట్టతోనే వండింది. అడ్డాకు దొప్పల్లో అన్నం పెట్టింది. రాట దగ్గర తాతకీ, తన ముగ్గురు బిడ్డలకీ, ఇంకా పాతవాళ్ళకీ పేర్లు చెప్పి పెట్టింది. పొయ్యి దగ్గర మా ముగ్గురికీ మూడు పెట్టింది. ఇంకా రెండు దొప్పలు మిగిలాయి. వాటిలో కూడా అన్నం పెట్టి, రెండు చేతులతో రెండూ తీసుకుని, అయ్యకి ఇచ్చింది.

"ఇవి నీ పెళ్ళానికీ, నీ కొడుక్కీ. ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టు" అంది.

అయ్య ఆ దొప్పలు పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. పొయ్యి వైపు ఒక అడుగు వేశాడు. నేను జరిగి చోటిచ్చాను, నా పక్కన అమ్మదీ, అటు పక్కన అన్నదీ అని. ఆయన నన్ను చూశాడు. అక్కడే ఆగాడు. తర్వాత వెనక్కి తిరిగి, నడిమి రాట దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, ముందు అమ్మ దొప్ప, దాని పక్కన అన్న దొప్ప, పెద్దల వరసలో ఆఖరున పెట్టాడు. పేర్లు చెప్పాలి. అమ్మ పేరు చెప్పాడు. అన్న పేరు చెప్పబోతే నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. నానమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, "సోమన్న" అంది.

ఆ మధ్యాహ్నమే అయ్య చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. అమ్మ తోటదాకా చేరనేలేదు. రైళ్ళు దిగి పొగపడవ ఎక్కడానికి ఒక పెద్ద నది ఒడ్డున రేవులో వందలమందిని కూర్చోబెట్టారట. అక్కడ వాంతిబేది వచ్చింది. పొద్దున్న మొదలై పొద్దు కుంకకముందే అయిపోయింది. పడవ కూత వేస్తోందని తొందరపెట్టి వీళ్ళని ఎక్కించేశారు. ఆమెని ఏం చేశారో అయ్య చూడలేదు. "మట్టి కూడా ఎయ్యనియ్యనేదు" అన్నాడు. అన్న రెండు వానలు ఆకు కోశాడు. ఆ పైన నల్ల జ్వరం. సర్దారు కూడా ఆ జ్వరంలోనే పోయాడు. ఒప్పుకున్న ఏళ్ళు తీరేదాకా అయ్యని వదల్లేదు. నేను ఆ ఇంట్లో ఒక మూల వదిలేసి అలుకుతున్నప్పటికే, బండ మీద మొదటి రోజు కూర్చున్నప్పటికే, అమ్మ లేదు. మూడేళ్ళు నేను ఎదురుచూసినదంతా ఎవరికోసం?

నేను ఏడవలేదు. లేచి బండ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకో తెలీదు, కాళ్ళకి అలవాటైన దారి అది. పొద్దు వాలాక నానమ్మ వచ్చింది. అంత దూరం ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు.

"నీకెప్పుడు తెలిసింది నానమ్మా?"

"ఆడు కాళ్ళు కడుక్కున్నప్పుడే. ఎనకాల మనిసుంటే ఎనక్కి సూత్తారే. ఆడు ఒక్కసారీ సూడనేదు."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"ఆడి నోటితో రావాల. నాను సెప్తే నాను సంపినట్టుంటాది" అంది. నా భుజం తట్టి, "నడు. పొయ్యి సల్లారిపోతాది" అంది.

ఆ చలికాలమే నానమ్మ పోయింది. జబ్బేమీ లేదు. పొద్దున్న లేచి, గోడ మీద చెయ్యి వేసి చూసి, మళ్ళీ పడుకుంది. రెండేళ్ళకి కొండ దిగువన మిషన్ వాళ్ళు నడిపే బడిలో నన్ను చేర్చారు. అక్కడ మంచం ఉండేది, పెంకుల కప్పు ఉండేది, కిటికీకి చెక్క తలుపులుండేవి. చిన్నప్పుడు నేను గోడ మీద బొగ్గుతో గీసిన ఇల్లు అచ్చం అలాగే ఉండేది. అందులో మొదటి ఏడాది నాకు నిద్ర పట్టలేదు. తర్వాత అలవాటైంది. ఉద్యోగంలో ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని ఇళ్ళు మారానో లెక్క లేదు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక లోపం కనబడేది, ఇంకో ఇల్లు చూసుకునేదాన్ని. ఆ జబ్బు అయ్యకి పోయి నాకు అంటుకుందనుకుంటాను. ఇప్పుడున్న ఇంటికి ఏ లోపమూ లేదు. గచ్చు నేల, కుళాయి, కరెంటు దీపం. వానపడితే ఆరేసిన బట్టలు తీసే పనిమనిషి అరిస్తేగానీ నాకు తెలీదు. చేత్తో తడిమి ఇది నేను పెట్టిన చోటు అని చెప్పుకోడానికి జానెడు గోడ లేదు. మా కొండల్లోని ఆ ఇల్లు అయ్య పోయాక రెండు వానలకే మట్టిలో కలిసిపోయింది.

అయ్య బతికుండగా, నేను టీచరుగా చేరిన మొదటి సెలవులకి ఇంటికి వెళ్ళాను. ఆషాఢం. అయ్య మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఒక్కడే ఉండేవాడు. గోడలు అలికి ఉన్నాయి, నల్ల పట్టీ దిద్ది ఉంది. మొగవాళ్ళు అలకడం మాలో లేదు, ఊళ్ళో నవ్వేవాళ్ళట, ఆయన పట్టించుకునేవాడు కాదు. నా జీతంలో దాచి, చిన్నప్పటి నుంచి అనుకున్నది చేద్దామని వచ్చాను నేను.

"అయ్యా, కప్పుకి పెంకులేయిద్దాం" అన్నాను.

"ఒద్దు."

"నీకు అదే గదా కోరిక."

ఆయన చాలాసేపు చేతిలో ఉన్న తాడు పేనుతూ కూర్చున్నాడు.

"ఆడ ఇంటికి రేకులుండేవి" అన్నాడు. "పెంకులకన్నా గట్టివి. సర్దారు నిజమే సెప్పినాడు, ఒక్క సుక్క దిగదు. వాన పడితే మాత్రం పక్కనున్నోడి మాట ఇనబడదు. మీ అన్న పోయినరోజు వాన. నోరు కదిపినాడు. ఏదో అడిగినాడు. ఆడి నోటికాడ సెవి పెట్టినాను. మళ్ళీ అడిగినాడు. రేకుల మీద వాన. ఏటిరా, ఏటి కావాల అని నాను అరుత్తన్నాను, ఆడికీ ఇనబడనేదు. వాన ఆగీసరికి ఆడు పోనాడు. నీళ్ళడిగినాడో, వాలమ్మనడిగినాడో."

నేను పెంకుల మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం అవుతుండగా గెడ్డ అవతలి నుంచి వాన వచ్చింది. వస్తున్నట్టు వాసన తెలిసింది గానీ కప్పు మీద పడుతున్నట్టు తెలియలేదు. గడ్డి దాన్ని అలా లోపలికి తీసేసుకుంది. పొయ్యికి ఎడం పక్క ఒకచోట కారింది. అయ్య లేచి దాని కింద గిన్నె పెట్టి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అప్పటికే ఆయన గొంతు బాగా సన్నబడిపోయింది, ఊపిరితో కలిసిపోయినట్టుండేది. నా వైపు తిరక్కుండానే ఏదో అన్నాడు.

"తిన్నావేటి, గుంటా?"

"తిన్నానయ్యా" అన్నాను, ఆయనలాగే మెల్లిగా. ఆయన తల ఊపాడు.